మిడ్జిలీ గారి సీసమూ, మా పెదనాయన అంబాసిడరూ

నెల్లూరు జిల్లా అల్లూరు దాటి ఇసకపల్లి ఉప్పు కొఠార్ల వేపు పోయే దారిలో మా పెదనాయన గారిల్లు. ఆ ఇంటి పక్క కొట్టంలో 1970ల నాటి అంబాసిడరు కారొకటుంది. సెలవులకి వెళ్లినప్పుడల్లా దానికి ఏ పెట్రోలు పొయ్యాలనే పంచాయితీ తప్పకుండా జరుగుతుంది. బంకు కుర్రాడేమో ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదు పెట్రోలు పొయ్యమంటాడు. మెకానిక్కేమో ఇప్పటి పెట్రోల్లో సారా కలుపుతున్నారనీ, గొట్టాలు చెడిపోతాయనీ అంటాడు. పెదనాయన మాత్రం సీసం కలిపిన పాత పెట్రోలే వేరని నిట్టూరుస్తాడు. ఈ పంచాయితీకంతా మూలపురుషుడు ఒకాయన ఉన్నాడు. మన రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది గాని, ఆయన కథ తెలిసినవాళ్లు తక్కువ.

థామస్ మిడ్జిలీ 1889 మే 18న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బీవర్ ఫాల్స్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రీ యంత్రాలు కనిపెట్టే రకమే. 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు డిగ్రీ పుచ్చుకున్నాడు. గమనించండి, ఆయన రసాయన శాస్త్రం చదివినవాడు కాదు. 1916లో ఒహాయో రాష్ట్రం డేటన్ పట్టణంలో చార్లెస్ కెటరింగ్ నడిపే ప్రయోగశాలలో చేరాడు. కార్లకి హ్యాండిల్ తిప్పే బాధ తప్పించి, 1912 కాడిలాక్ కారులో ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టించినవాడే ఈ కెటరింగ్.

ఆ రోజుల్లో కార్ల ఇంజన్లకి ఒక జబ్బుండేది. ఎత్తెక్కేటప్పుడు లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు టకటకమనేది. దాన్నే నాకింగ్ అంటారు. సిలిండర్లో ప్లగ్గు మండించిన మంట నెమ్మదిగా పాకాలి గదా? అలా పాకేలోపలే, చివర మిగిలిన పెట్రోలు వేడికీ ఒత్తిడికీ తనంతట తానే పేలిపోతుంది. అదీ సంగతి. తప్పంతా కెటరింగ్ పెట్టిన బ్యాటరీ ఇగ్నిషన్‌దే అని లోకం నిందవేసింది. తప్పు ఇంజనుది కాదు, ఇంధనానిదని తేల్చినవాడు మిడ్జిలీ.

మందు దొరికిన తీరు తమాషాగా ఉంటుంది. చలికాలం పోకముందే పూసే ఒక అడవి మొక్క ఉంది, దాని ఆకులు వెనక ఎర్రగా ఉంటాయి. ఎరుపు వేడిని పీల్చుకోబట్టి ముందుగా పూస్తుందేమో, అలాగైతే పెట్రోలుకి ఎర్రరంగు వేస్తే ముందుగానే ఆవిరై సరిగా మండుతుందేమో అని ఊహించారు. సమయానికి రంగు దొరక్క అయొడిన్ కలిపారు. నాకింగ్ తగ్గింది! తర్వాత అసలైన ఎర్రరంగులు తెచ్చి కలిపితే ఏమీ కాలేదు. ఊహ శుద్ధ తప్పు, ఫలితం మాత్రం ఒప్పు. పరీక్షల్లో మనకీ అప్పుడప్పుడూ ఇలాగే మార్కులు పడుతుంటాయి.

ఆ తర్వాత ఏళ్ల తరబడి మూలకాల పట్టిక పట్టుకుని ఒక్కొక్కటే పరీక్షించారు. టెల్లూరియం బాగా పనిచేసింది గాని, దాని కంపు ఒంటికి పట్టుకుంటే ఎన్నిసార్లు స్నానం చేసినా వొదిలేది కాదట. ఆఖరికి 1921 డిసెంబరు 9న టెట్రా ఇథైల్ లెడ్ దొరికింది. గాలను పెట్రోలుకి సుమారు మూడు గ్రాములు చాలు, నాకింగ్ మాయం. 1923 ఫిబ్రవరి 2న డేటన్‌లోనే మొదటిసారి అమ్మారు. సీసం మాట ఎక్కడా రాకుండా ఇథైల్ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టడంలోనే అంతా ఉంది.

సీసం విషమని అప్పటికి తెలీక కాదు. మిడ్జిలీకే 1923 మొదట్లో సీసం పట్టి ఒళ్లు చెడింది, ఫ్లారిడాలో విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. పైగా ఆల్కహాలు కలిపినా నాకింగ్ ఆగుతుందని ఆయనకి బాగా తెలుసు. అలాంటి మిశ్రమానికి పేటెంటు కూడా ఆయన పేరనే ఉంది. అయితే ఆల్కహాలు ఎవరైనా కాచుకోవచ్చు, దానిమీద ఎవరికీ గుత్త హక్కుండదు. సీసం మందు అలా కాదు. 1924లో జనరల్ మోటార్సూ, న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిలూ కలిసి దానికోసం ఒక కంపెనీయే పెట్టాయి. ఆ అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారంలో పనివాళ్లు మతిచలించి అయిదుగురు చనిపోయారు, ఎందరో ఆస్పత్రి పాలయ్యారు. నెలాఖరున మిడ్జిలీ విలేఖరుల ముందుకొచ్చి ఆ మందుతో చేతులు కడుక్కుని, ఒక నిమిషం పాటు దాని ఆవిరి పీల్చి చూపించాడు. ఏమీ కాదన్నట్టుగా! తన ఒంట్లో ఆ విషం చేసిన పని ఆయనకి తెలుసు. నన్నడిగితే ఆయన జీవితంలో క్షమించలేనిది ఆ ఒక్క నిమిషమే. కనిపెట్టడం వేరు, తెలిసి దాచడం వేరు.

1925 మేలో అమ్మకం ఆగింది. ప్రభుత్వ వైద్యాధికారి పెట్టిన సమావేశంలో ఆలిస్ హామిల్టన్, యాండెల్ హెండర్సన్ వంటివారు గట్టిగానే వాదించారు. అయినా నిషేధించడానికి తగిన ఆధారం లేదని 1926లో కమిటీ తేల్చింది, అమ్మకం మళ్లీ మొదలైంది.

ఇక్కడ మన ఉప్పు కొఠార్లకి సంబంధించిన ముక్క ఒకటుంది. సీసం మండాక ఇంజనులో పేరుకుపోతుంది. దాన్ని పొగతోపాటు బయటికి తోలెయ్యడానికి బ్రోమిన్ కావాలి. అంత బ్రోమిన్ ఎక్కడిది? సముద్రం నీళ్లలోది! టన్ను నీటికి 65 గ్రాములే ఉంటుంది. అయినా సరేనని 1934లో నార్త్ కరొలైనా తీరాన సముద్రాన్ని తోడి బ్రోమిన్ తీసే ఫ్యాక్టరీ పెట్టారు. ఇసకపల్లిలో ఉప్పు తీశాక మిగిలే చేదునీళ్లలో ఉండేదీ ఆ బ్రోమినే.

మిడ్జిలీ అక్కడితో ఆగలేదు. ఫ్రిజ్‌లలో వాడే విషవాయువుల బదులు ఫ్రియాన్ తయారుచేశాడు. 1930లో సభలో దాన్ని పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పాడు. అది ఓజోను పొరని తినేస్తుందని 1974లో గాని తెలియలేదు. ఇందులో మాత్రం ఆయన్ని తప్పుపట్టలేం. 1940లో పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి. మంచం మీంచి లేవడానికి తాళ్లూ కప్పీలతో ఒక ఏర్పాటు తనే చేసుకున్నాడు. 1944 నవంబరు 2న ఆ తాళ్లే మెడకి బిగుసుకుని, 55వ ఏట పోయాడు. అప్పటికాయన అమెరికన్ కెమికల్ సొసైటీ అధ్యక్షుడు.

సీసం పెట్రోలు మన దేశమంతటా 2000 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ప్రపంచంలో చివరగా ఆపిన దేశం అల్జీరియా, 2021లో. ఈలోపల మద్రాసు–కలకత్తా ట్రంకు రోడ్డు పక్క ఇళ్లలో పెరిగిన పిల్లలు ఎంత సీసం పీల్చారో ఎవరు లెక్కపెట్టారు? పసివాళ్ల బుద్ధిని మందగింపజేస్తుందది. నేనూ ఆ రోడ్డు పక్క బళ్లో చదివినవాణ్ణే.

ఇక పెదనాయన బండి సంగతి. పాత అంబాసిడరు కంప్రెషన్ ఏడుకి కాస్త పైన, అంతే. దానికి మామూలు పెట్రోలు ఆక్టేనే ఎక్కువ, ఖరీదుది పోస్తే డబ్బు దండగ. సీసం వల్ల దానికి ఒరిగింది మరొకటుంది: సీసం పూత వాల్వు సీట్లని అరగకుండా కాపాడేది. పోతఇనుము హెడ్డులోనే కోసిన మెత్తని సీట్లు గదా! దీనికి మందు పెట్రోల్లో లేదు, లేత్ షాపులో ఉంది. హెడ్డు విప్పించి గట్టి సీట్లు దిగ్గొట్టించాం. 2025 నాటికి బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, అంటే మిడ్జిలీ వొదిలేసిన ఆ ఆల్కహాలే, తిరిగొచ్చింది. అది పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, సముద్రపు గాలిలో చెమ్మని లాక్కుంటుంది. అందుకని గొట్టాలూ, పంపు డయాఫ్రమూ దానికి తట్టుకునే రకానివి వేయించాం. ట్యాంకు సగం ఖాళీగా నెలలకొద్దీ నిలబెట్టొద్దని పెదనాయనకి చెప్పాం. మైలేజీ కొంచెం తగ్గుతుందనీ చెప్పాం. ఆ మాట ఆయనకి నచ్చలేదు.

మొన్న సంక్రాంతికి అందరం ఎక్కి మైపాడు దాకా పోయొచ్చాం. దారిలో ఒక్కసారి కూడా కొట్టుకోలేదు బండి. అయినా పాత పెట్రోలే వేరని ఇప్పటికీ అంటూనే ఉన్నాడాయన.