ఇంటిపేరు మార్చుకున్న చక్రవర్తి

షోలాపూర్: కుంఠా నాకా మగ్గాల నడుమ నేటికీ తెలుగు ఇంటిపేర్లే వినిపిస్తాయి. తాతలు పొట్ట చేతపట్టుకుని సరిహద్దు దాటినా ఇంటిపేరు వదల్లేదు. ఒకప్పుడు ఈ ఊరినీ ఏలిన ఐదో జార్జి మాత్రం జనానికి జడిసి తనది మార్చేసుకున్నాడు.

1865 జూన్ 3న లండన్‌లో పుట్టిన జార్జి, విక్టోరియా రాణికి మనవడు. తాత ఆల్బర్ట్ జర్మనీ నుంచి వచ్చినవాడు. అలా వంశానికి సాక్స్ కోబర్గ్ గోథా అనే జర్మన్ పేరొచ్చింది. రెండో కొడుకు కావడంతో జార్జి నౌకాదళంలో చేరాడు. 1892లో అన్న చనిపోతే వారసుడయ్యాడు. 1910లో గద్దెనెక్కి, మరుసటేడు ఢిల్లీలో దర్బారు జరిపాడు.

1914లో ప్రపంచ యుద్ధం మొదలైంది. శత్రువైన జర్మనీ చక్రవర్తి విల్‌హెల్మ్ స్వయానా మేనత్త కొడుకే! రాజుగారి జర్మన్ పేరుపై జనం మండిపడ్డారు. దీంతో 1917 జూలై 17న తమ కోట పేరునే వంశానికి పెట్టి ‘విండ్సర్’ అన్నాడు.

ఆయన ఏలుబడిలోనే 1930 మేలో షోలాపూర్‌లో మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ షిండే, కిసన్ సారడాలను ఉరితీశారు. జార్జి 1936 జనవరి 20న కన్నుమూశాడు. మార్చుకున్న పేరు లండన్‌లో మిగిలింది. షోలాపూర్ చౌక్‌లో మాత్రం ఆ నలుగురి పేర్లే నిలిచాయి.