లూథరు ఇంటి క్రిస్మసు

మార్టిన్ లూథరు 1483వ సంవత్సరము నవంబరు 10వ తేదీన జర్మనీ దేశములోని ఐస్లెబెన్ పట్టణమున జన్మించెను. తండ్రి గనులలో శ్రమించి పైకి వచ్చినవాడు. తల్లిదండ్రులకు బిడ్డలపై ప్రేమ లేకపోలేదు. కాని ఆ కాలమున ప్రేమకన్న బెత్తమే ముందుగా లేచుచుండెను. ఒకనాడు ఒక చిన్న గింజకాయను తీసికొన్నందులకు తల్లి ఆ బాలుని నెత్తురు వచ్చునట్లు కొట్టెను. బడిలో ఒక్క ఉదయముననే అతడు పదునైదు దెబ్బలు తినెను. క్రీస్తు కఠినుడైన న్యాయాధిపతి యని పెద్దలు బోధింపగా, ఆ పేరు విన్నంతనే అతని ముఖము పాలిపోయెడిది. ఐసెనాక్ పట్టణమున చదువునప్పుడు, మాధుకరమెత్తి చదువుకొన్న మన విద్యార్థులవలె, అతడు ఇంటింటి వాకిట పాటలు పాడి రొట్టె సంపాదించుకొనెను.

1505లో అతడు సన్యాసియై మఠమున చేరెను. పాపపరిహార పత్రముల విక్రయమును 1517లో ఖండించెను. 1521లో చక్రవర్తి యెదుట నిలిచి తన మాట వెనుకకు తీసికొననని చెప్పెను. పిమ్మట ఒక కోటలో అజ్ఞాతవాసము చేయుచు క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి అనువదించెను. ఈ చరిత్ర లోకవిదితము.

1525లో లూథరు కాథరీనా అను పూర్వసన్యాసినిని వివాహమాడెను. విట్టెన్‌బర్గులోని పాత మఠమే వారి గృహమయ్యెను. ఆరుగురు బిడ్డలు కలిగిరి. వారిలో ఎలిజబెత్తు పసితనముననే మరణించెను. కాథరీనా తోటలు, పశువులు చూచుకొనుచు, ఇంటనున్న విద్యార్థులకును బంధువులకును అన్నము పెట్టుచుండెను. లూథరు వీణవంటి ల్యూటు వాద్యమును వాయించి పాడెడివాడు. 1530లో దూరదేశమున నున్నప్పుడు, నాలుగేండ్ల కుమారుడు హాన్సునకు ఒక అందమైన తోటను గూర్చి జాబు వ్రాసెను. ఆ తోటలో పిల్లలు బంగారు అంగీలు తొడుగుకొని పండ్లు ఏరుకొందురట. బంగారు కళ్లెముల చిన్న గుఱ్ఱములపై తిరుగుదురట. బుద్ధిగా చదివి ప్రార్థించు పిల్లలకు అందు ప్రవేశము కలదట! బెత్తము పేరు ఆ జాబులో లేదు.

ఆ కాలమున పిల్లలకు కానుకలు డిసెంబరు 6వ తేదీన, పునీత నికొలాసు పండుగనాడు దొరకుచుండెను. లూథరు ఇంటను మొదట ఆ ఆచారమే సాగెను. కానుక బాలయేసు పేరిట, క్రిస్మసునాడు అందుట మేలని ఆయన తలంచెను. ఆ మార్పు మెల్లమెల్లగా వచ్చినది.

ఆయన తన పిల్లలకొరకు ఒక క్రిస్మసు పాట కట్టెను. అది 1535లో అచ్చయ్యెను. దూరదేశమునుండి వార్త తెచ్చితినని చెప్పుచు పొడుపుకథలు విప్పించు వినోదగీత మొకటి జనులలో వాడుకలో నుండెను. దాని యెత్తుగడను తీసికొని లూథరు ఆ వార్తను దేవదూత నోట పలికించెను. పదునైదు చరణములు. మొదటి చరణములను ఒకరు దేవదూత వేషముతో పాడగా, పిల్లలు బదులు పాడుచు పశువుల తొట్టిలోని శిశువును చూడ బయలుదేరెడివారని చెప్పుదురు. ఆ సంవత్సరాంతమునకు హాన్సు వయస్సు తొమ్మిది, మగ్దలేనాకు ఆరు, చిన్నది మార్గరెట్టుకు ఒక్క యేడు. లూథరే మొట్టమొదట చెట్టునకు దీపములు పెట్టెనను కథ ఒకటి కలదు. దానికి ఆధారము లేదు. చెట్టు లేకున్నను ఆ యింట పండుగకు కొరత లేకుండెను.

1542 సెప్టెంబరులో, పదమూడేండ్ల మగ్దలేనా తండ్రి చేతులలోనే కన్ను మూసెను. ఆయన దుఃఖము చెప్పనలవి కానిది. మరుసటి యేట దేవదూతల క్రిస్మసు పాట మరియొకటి అచ్చయ్యెను. అది మొదటిదానికన్న చాల చిన్నది, ఆరే చరణములు.

అదే 1543లో ఆయన యూదులపై ద్వేషముతో నిండిన గ్రంథము నొకటి వ్రాసెను. బిడ్డలయెడ అంత మెత్తనైన మనస్సు అచ్చట రాయియైనది. తరువాతి కాలమున లూథరను సంఘములే ఆ వ్రాతలను నిరాకరించినవి. 1546 ఫిబ్రవరి 18న, పుట్టిన ఐస్లెబెన్‌లోనే లూథరు మరణించెను.

ఆయన పేరిటి సంఘమునకు చెందిన హేయరు అను జర్మను జాతీయుడు, అమెరికానుండి 1842లో గుంటూరు చేరి, 1849లో పల్నాటి గురజాలకు వచ్చెను. క్రిస్మసు దినములలో పల్నాటి పల్లెలయందు పాటల బృందములు రాత్రివేళ ఇంటింటికి తిరుగును. నిద్ర మానుకొని పెద్దలవెంట నడచు చిన్నపిల్లలు వాకిటనే నిలిచి గొంతెత్తి పాడుదురు.