రాజును కాల్చింది రూథర్‌ఫర్డేనా?

అల్లూరి సీతారామరాజు చివరి ఘడియల్లో ఎదురుగా ఉన్న తెల్ల అధికారి ఎవరు? గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే ఫ్రెండ్స్‌ని అడిగి చూడండి. చాలామంది రూథర్‌ఫర్డ్ అంటారు, అదీ కళ్లారా చూసినంత ధీమాగా. నిజంగానే చూశారు మరి, 1974లో వచ్చిన కృష్ణ సినిమాలో!

అసలు కథ మన నర్సీపట్నం పక్కనే మొదలైంది. రాజు 1917లో కృష్ణదేవిపేట చేరాడు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ లంబసింగి రోడ్డు పనుల్లో గిరిజనులతో కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. పోడు మీద అటవీ ఆంక్షలు సరేసరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి... మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. ఏమేం తీసుకెళ్తున్నాడో స్టేషన్ పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు. బాణాల రాజుగానే మనకి గుర్తుండిపోయాడు గానీ, ఆయన పట్టుకెళ్లింది తుపాకులు, తూటాలు.

రూథర్‌ఫర్డ్ కల్పితం కాదు. తిరుగుబాటును అణచడానికి 1924లో వచ్చిన స్పెషల్ కమిషనరే. కానీ ఆ మే 7న మంప దగ్గర దొరికిన రాజు, కొయ్యూరులో మేజర్ గుడాల్ అదుపులో ఉండగా చనిపోయాడు. విచారణ లేదు, కోర్టు లేదు. పారిపోబోతే కాల్చామని సర్కారు రాసుకుంది. చెట్టుకి కట్టి కాల్చారని మన్యం చెప్పుకుంది.

ఇంతకీ గుడాల్ ఎలా మాయమయ్యాడు? మెదడు విషయాన్ని దాచుకున్నంత గట్టిగా, అది ఎక్కడ విన్నదో దాచుకోదు. సినిమా సీను, పాఠం, తాత చెప్పిన కథ కొన్నాళ్లకి కలిసిపోతాయి. సైకాలజీలో దీన్నే సోర్స్ పొరపాటు అంటారు. ఇది తెలిసి గుర్తుచేసుకునేటప్పుడు జరిగేది. ఇంకోటి మనకి తెలియకుండానే జరుగుతుంది: పదేపదే విన్న పేరు చదవగానే తట్టేస్తుంది, ఆ తేలికనే మనం నిజం అనుకుంటాం. నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదం. ఆప్షన్లలో గుడాల్, రూథర్‌ఫర్డ్ రెండూ ఉంటే చెయ్యి ఎటు పోతుందో ఊహించండి. నెగెటివ్ మార్కులు కూడా ఉంటాయి కదా.

పోయినప్పుడు రాజుకి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలోనే ఉంది, నర్సీపట్నం నుంచి బస్సులో వెళ్లి రావచ్చు.