మలేరియా గుట్టు విప్పిన దండు బిడ్డ – సర్ రొనాల్డ్ రాస్

ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. 1897లో ఆ రోజునే సికింద్రాబాదులో సర్ రొనాల్డ్ రాస్ మలేరియా గుట్టు పట్టుకున్నారు. ఈ సంగతి చాలామంది తెలుగువారికి తెలుసు. ఆయన చిన్నతనం గురించి తెలిసినవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

జ్వరాలతో మన గంజాం జిల్లాకు పాత బాధే ఉంది. 1815 ప్రాంతంలో విషజ్వరాల ధాటికి తట్టుకోలేక దొరలు గంజాం పట్టణం వదిలి కచేరీలు తరలించారు. బరంపురం ప్రాముఖ్యం పెరగడానికి అదొక కారణం. మేము గుమాస్తాగా చేరిన రోజుల్లో కూడా, మన్యం వైపు బదిలీ అంటే ఇంట్లో ముందుగా సర్దేది దోమతెరే.

రాస్ 1857 మే 13న కుమావూ కొండల్లోని అల్మోరాలో పుట్టారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులు. తండ్రి కాంప్‌బెల్ రాస్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి, తరువాత జనరల్ అయ్యారు. పదిమంది సంతానంలో రొనాల్డే పెద్దవాడు.

చదువు కోసమూ, ఇక్కడి రోగాల భయంతోనూ పిల్లల్ని ఇంగ్లండు పంపడం ఆనాటి దొరల కుటుంబాల ఆనవాయితీ. రొనాల్డును ఎనిమిదో ఏటనే పంపించేశారు. సూయజ్ కాలువ ఇంకా తెరవని కాలమది. వైట్ దీవిలో బంధువుల ఇంట పెరిగాడు. అమ్మానాన్నలు ఒక దేశంలో, బిడ్డ మరో దేశంలో.

ఆ కుర్రవాడికి కవిత్వం, సంగీతం, బొమ్మలు, లెక్కలు అంటే ప్రాణం. రచయిత కావాలనుకున్నాడు. తండ్రి మాత్రం వైద్యమే చదవాలని పట్టుబట్టి 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చేర్పించారు. మనసు పెట్టకుండానే చదువు గట్టెక్కింది. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చారు. మన గంజాం కూడా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే.

1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు దోమల మీద దృష్టి పెట్టమని చెప్పారు. అప్పటినుంచి రాస్ పట్టు వదల్లేదు. సికింద్రాబాదులో హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించిన ఒక్కో దోమకు అణా చొప్పున ఇచ్చారు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చుని, సూక్ష్మదర్శినిలో చూసి చూసి, చివరికి దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొన్నారు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా దోమ కాటుతోనే వ్యాపిస్తుందని రుజువు చేశారు. మనుషుల విషయంలో ఇటలీ శాస్త్రవేత్తలు ఆ పని పూర్తి చేశారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు. హైదరాబాదు నల్లకుంట జ్వరాల ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు.

తండ్రి పట్టుదల వల్లనే ఇంత మేలు జరిగిందని కొందరు అనవచ్చు. అది సగం నిజమే. ఆయన చిన్ననాటి ఇష్టాలు కూడా వృథా కాలేదు. జ్వరం ఎలా వ్యాపిస్తుందో తరువాత లెక్కలు కట్టి చూపారు. కవిత్వం రాయడం ఎన్నడూ మానలేదు.

నేడు మన జిల్లానుంచి ఎందరో తండ్రులు సూరత్ మిల్లులకు వెళ్తున్నారు, కొందరు సైన్యంలో ఉన్నారు. వారి పిల్లలు అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర పెరుగుతున్నారు. ఫోనులో మార్కులు అడిగే తండ్రులకు మా మనవి ఒక్కటే. బిడ్డకు ఏది ఇష్టమో కూడా అడగండి. ఇంట్లో ఉన్న పెద్దలకూ ఒక మాట. ఇది వానల కాలం, పిల్లలకు దోమతెర కట్టడం మరవకండి.