ఏ నుంచి టీ దాకా: డిక్షనరీ మర్రే గారి జీవితం

ఇంగ్లీషు పీరియడ్‌లో తెలియని మాట వస్తే డిక్షనరీ తీస్తాం. ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలన్నీ అందులో ఒకచోట వరసగా ఉంటాయి. వాటిని అలా పోగేసి అర్థాలు రాసిన మహానుభావుల్లో ముఖ్యుడు సర్ జేమ్స్ మర్రే.

ఆయన 1837 ఫిబ్రవరి 7న స్కాట్లండులోని డెన్‌హోమ్ అనే పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి దర్జీ. ఫీజు కట్టే స్తోమత లేక 14 ఏళ్ళకే బడి మానేశాడు. బడి మానాడు గానీ చదువు మానలేదు. సొంతంగా ఎన్నో భాషలు నేర్చుకున్నాడు. 17 ఏళ్ళకే పంతులయ్యాడు. కొన్నాళ్ళు లండన్‌లో బ్యాంకు గుమాస్తాగా చేసి, మళ్ళీ బడిపంతులయ్యాడు. తన ప్రాంతపు జనం మాట్లాడే యాసను ఆయన చిన్నచూపు చూడలేదు. దాని మీద 1873లో ఒక పుస్తకమే రాశాడు.

1879లో ఆక్స్‌ఫర్డ్ వారు పెద్ద నిఘంటువు పని ఆయనకి అప్పజెప్పారు. పదేళ్ళలో అయిపోతుందనుకున్నారు. మర్రే ఇంటి దగ్గర ఒక రేకుల షెడ్డు వేయించి, లోపల వెయ్యికి పైగా గూళ్ళు పెట్టించాడు. అంతకుముందు పోగైన చీటీలు గోతాల్లో వచ్చాయి. ఒక గోతంలో చచ్చిన ఎలుక ఉంది! ‘ఎచ్’ అక్షరం చీటీలైతే ఇటలీలో దొరికాయి.

దేశదేశాల పాఠకులు పుస్తకాలు చదివి, మాటకొక చీటీ రాసి పంపేవారు. చీటీ మీద ఆ మాట, అది వచ్చిన వాక్యం, పుస్తకం పేరు ఉండాలి. వాటిని అక్షరాల వారీగా విడదీసి, తర్వాత సంవత్సరాల వారీగా పేర్చాలి. అప్పుడే ఆ మాట మొదట ఏ అర్థంతో వాడారో, పోను పోను ఎలా మారిందో తెలుస్తుంది. మర్రేకి 11 మంది పిల్లలు. వాళ్ళు కూడా చీటీలు సర్ది చేతిఖర్చుకి డబ్బులు తీసుకునేవారు.

1884లో 352 పేజీల మొదటి భాగం వచ్చింది. ఐదేళ్ళు కష్టపడినా ‘ఏ’ అక్షరమే పూర్తి కాలేదు. ‘యాంట్’ అంటే చీమ దగ్గర ఆగింది! ‘బి’లో ‘బాండ్‌మెయిడ్’ అనే మాట చీటీలు ఎక్కడో పడిపోయి, ఆ మాటే అచ్చులో లేకుండా పోయింది. అదే ‘బి’లో మన తెలుగు మాట ఒకటుంది. ‘బ్యాండికూట్’ అంటే మన పందికొక్కే!

1915 జులై 26న, 78 ఏళ్ళ వయసులో మర్రే కన్నుమూశాడు. అప్పటికి ‘టి’ అక్షరం పని మీద ఉన్నాడు. మిగతావాళ్ళు 1928లో పూర్తి చేశారు. మొత్తం 4 లక్షల 14 వేలకు పైగా మాటలు. అందులో దాదాపు సగం ఆయన చేతి మీదుగా వచ్చినవే. పూర్తయిన పుస్తకం మాత్రం ఆయన చూడలేదు.

మిత్రులారా! మన అవ్వలు, తాతలు వాడే కోయ మాటలు ఎన్నో ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళతోనే అవి పోతే మళ్ళీ దొరకవు. ఈసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అడిగి, మాటకొక చీటీ రాసి తెండి. ముందు ‘అ’ అక్షరంతో మొదలుపెడదాం.