కీ.శే. డాక్టర్ గరికపాటి రాజారావు గారు

మన దామరచర్ల వైపు ఊళ్ళలో నాటకం తలపెడితే మొదట లేచే మాట ఖర్చు ఎవరు భరిస్తారనే. అప్పుడు రాజారావు గారిని తలచుకోవాలనిపిస్తుంది.

1915లో రాజమండ్రిలో జన్మించిన ఆయన వృత్తిరీత్యా వైద్యులు. 1943లో ఆరంభమైన ప్రజానాట్యమండలికి ఆంధ్రలో సారథ్యం వహించారు. పద్యనాటకాల జరీ దుస్తులు, అద్దె తెరలు పక్కనపెట్టి, రైతును రైతు వేషంలోనే వేదిక ఎక్కించారు. బుర్రకథ వంటి పల్లె కళలకు పెద్దపీట వేశారు. ఆడవేషాలు మగవారే కట్టే ఆ రోజుల్లో కార్యకర్తల ఇండ్ల స్త్రీలు ధైర్యంగా రంగస్థలం మీదికి వచ్చారు. ఇది చిన్న సంగతి కాదు.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు రాసిన 'మా భూమి'ని ఆయన ఆధ్వర్యంలో దళాలు ఊరూరా ఆడాయి. అది మన తెలంగాణ రైతు కథ. కృష్ణకు ఆవలి ఒడ్డు జనం చూశారు. ఈవలి ఒడ్డున మనది నిజాం ఏలుబడి. కథ మనది, చూసే యోగం వారిది! తరువాత మద్రాసు ప్రభుత్వం కూడా ఆ నాటకాన్ని నిషేధించింది.

1953లో 'పుట్టిల్లు' చిత్రం తీసి జమున, అల్లు రామలింగయ్య గార్లను తెరకు పరిచయం చేశారు. ఆర్థికంగా మాత్రం దెబ్బతిన్నారు. మళ్ళీ నాటకాల వైపే వచ్చారు. 1963లో, నలభై ఎనిమిదేళ్ళకే కన్నుమూశారు.