కట్లెట్ వండిన పరదేశి – అలెక్సిస్ సోయర్

కట్లెట్ అనగానే రైలుబండి జ్ఞప్తికి రావడం మా ఉద్యోగధర్మం కాబోలు. ఒకప్పుడు ఇంగ్లండులో పెద్ద భోజనశాలలన్నిటా గౌరవం పొంది, పిమ్మట మరుగున పడిన కట్లెట్ ఒకటున్నది. దానిని సృష్టించిన సోయర్ కూడా మనవలెనే పొట్ట చేతబట్టుకొని పరాయిచోటికి పోయినవాడే.

ఆయన 1810లో ఫ్రాన్సు దేశమందలి మో పట్టణంలో జన్మించాడు. పారిస్‌లో వంట నేర్చి పైకి వస్తూండగా 1830లో విప్లవం వచ్చి పని పోయింది. అన్నగారు లండన్‌లో ఒక రాజకుటుంబీకుని వంటశాలలో ఉన్నందున అక్కడికి చేరాడు. (ముందు అన్న, వెనుక తమ్ముడు! మనవారికి యిది క్రొత్త కాదు.) 1837లో రిఫారం క్లబ్బువారి ప్రధాన వంటవాడైనాడు. మరుసటి యేడు విక్టోరియా రాణి పట్టాభిషేకం నాడు రెండువేల మందికి ఉదయపు విందు సమకూర్చాడు. క్లబ్బు క్రొత్త భవనంలో ఆయన పెట్టించిన గ్యాసు పొయ్యిలను చూడడానికే జనం వచ్చేవారు.

మాంసం ముట్టని సోదరీసోదరులు యిక్కడ మన్నించవలెను. ఒక రాత్రి ఆలస్యంగా వచ్చిన సభ్యుడు క్రొత్త వంటకమేదైనా కావాలన్నాడట. సోయర్ గొర్రెపిల్ల పక్కటెముకల ముక్కలకు గుడ్డుసొన పూసి, సన్నగా తరిగిన పందిమాంసం కలిపిన రొట్టెపొడి అద్ది వేయించాడు. పైన వినిగరు పులుపు, మిరియాల ఘాటు గల చిక్కని రసం పోసి, బీట్‌రూటు, ఊరిన దోసకాయ, గుడ్డు తెల్లసొన పుల్లలుగా తరిగి వేశాడు. అదే రిఫారం కట్లెట్. ఇంత తరుగుడుకు ఓపిక యెవరికి? క్రమంగా హోటళ్లు దానిని మానివేసినవి. ఆ క్లబ్బులో మాత్రం నేటికీ వడ్డిస్తున్నారు.

అయితే మాకు ఆయనపై గౌరవం కలిగించినది యీ కట్లెట్ కాదు. ఐర్లండులో కరువు వచ్చినప్పుడు 1847లో డబ్లిన్ వెళ్లి గంజికేంద్రం వంటి సూపుశాల నెలకొల్పాడు. గంట కొట్టగానే నూరేసి మంది లోపలికి వచ్చేవారు. గిన్నెలకు చెంచాలు గొలుసులతో కట్టి ఉండేవి. రెండు గ్యాలన్ల నీటికి పావు పౌను మాంసం చొప్పున ఆయన వ్రాసిన సూపులో బలం లేదని వైద్యులు ఆక్షేపించారు. వారన్నది నిజమే. ప్రారంభం నాడు అయిదు షిల్లింగులిచ్చి పేదల భోజనం చూడవచ్చిన శ్రీమంతులూ ఉన్నారు. ఆ సొమ్ము ధర్మానికే పోయినా, చదువుతూంటే మనస్సు చివుక్కుమంటుంది. కాని ఆ సూపుశాలలో దినానికి వేలమంది ఆకలి కొంతైనా తీరింది.

1855లో సొంత ఖర్చుతో క్రిమియా యుద్ధానికి వెళ్లాడు. స్కుటారి సైనికాసుపత్రిలో మాంసం ఉడికించిన నీటిని పారబోస్తూంటే ఆపించి, ఆ రసమే రోగులకు పోయించాడు. తక్కువ వంటచెరకుతో, గాలివానలో సైతం మండే పీపా వంటి పొయ్యి తయారుచేయించాడు. బ్రిటిష్ సైన్యం దానిని నూరేండ్లకు పైగా వాడింది.

ఆ యుద్ధభూమిలో జ్వరపడిన మనిషి పూర్తిగా కోలుకోలేదు. 1858 ఆగస్టు 5న నలుబదియెనిమిదవ యేట మరణించాడు. భార్య ఎమ్మా చిత్రకారిణి. 1842లోనే ప్రసవసంబంధమైన బాధతో గతించింది. లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆమెకై తాను కట్టించిన స్మారకం క్రిందనే ఆయననూ ఉంచారు.